కప్పు కూలని గనులు

ఎమిరేట్సులో జూన్ మొదలు సెప్టెంబరు వరకు పిల్లలకు పగటిపూట ఆరుబయలు లేదు. ఆ నాలుగు నెలలూ మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఏసీ గదులలో కంప్యూటరు తెర ముందు గడుపుతారు. "ఏం చేస్తున్నావురా?" అని అడిగితే "గని తవ్వుతున్నా" అని సమాధానం వచ్చే ఇళ్ళు అబుదాబిలోను, షార్జాలోను తక్కువేమీ కాదు. ఆ గని పేరు మైన్‌క్రాఫ్ట్. పెద్దలు కాలహరణమని తోసిపుచ్చే ఈ ఆటలో పిల్లలు ఒక పనిని మాత్రం ఎంతో శ్రద్ధగా చేస్తారు. ఏ తవ్వకపు యంత్రం మేలైనదో పట్టిక వేసి, లెక్కలు కట్టి పోల్చుకుంటారు. గనుల ఇంజనీర్లు చేసే పని కూడా అదే. ఆ పట్టికను ఒక రసాయన శాస్త్రజ్ఞుడిగానూ, గోదావరిఖనిలో పుట్టి పెరిగిన మనిషిగానూ పరిశీలించాలని నా ఉద్దేశం.

ఆట తెలియని పెద్దల కోసం రెండు మాటలు. మైన్‌క్రాఫ్ట్‌ను స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో ప్రారంభించాడు. 2011లో అది పూర్తి రూపంలో వెలువడింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ లోకంలో మట్టి, రాయి, బొగ్గు, ఇనుము, వజ్రం అన్నీ ఘనాకారపు దిమ్మెలే. దిమ్మె భుజం ఒక మీటరు. అసలు ఆటలో పికాసు పట్టి ఒక్కొక్క దిమ్మెనూ పగులగొట్టుకోవాలి. ఆ ఓపిక చాలనివారి కోసం కొందరు ప్రోగ్రామర్లు 'మాడ్' అనే అనుబంధాలు రాసి ఉచితంగా పంచిపెట్టారు. వాటిని చేర్చుకుంటే ఆటలోకి ఇంజన్లు, గొట్టాలు, విద్యుత్తు, వాటితోబాటు తమంతట తామే తవ్వుకుపోయే యంత్రాలు వచ్చి చేరతాయి.

వీటిలో పాతతరం యంత్రం బిల్డ్‌క్రాఫ్ట్ అనే మాడ్‌లోని క్వారీ. నేల మీద చతురస్రాకారపు చట్రం వేసుకుని, ఒక మరచేతిని దించి, అడ్డొచ్చిన ప్రతి దిమ్మెనూ పెకలించుకుంటూ అడుగున ఉన్న తవ్వరాని శిల దాకా పోతుంది. మట్టి అనదు, రాయి అనదు, అన్నీ పైకి తెస్తుంది. మామూలుగా అది తవ్వేది తొమ్మిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు. అరవై మీటర్ల లోతుకు పోయిందనుకుంటే 4,860 దిమ్మెలు. రాతి సాంద్రత ఘనపు మీటరుకు 2.7 టన్నులు, అంటే సుమారు 13 వేల టన్నులు. ఇంతా చేస్తే దక్కేదెంత? 2021కి ముందరి ఆటలో పదహారు మీటర్ల చదరానికి సగటున మూడు వజ్రపు దిమ్మెలుండేవి. ఆ లెక్కన మన క్వారీకి దక్కేది దాదాపు ఒక్కటి. మిగిలిన 13 వేల టన్నులు ఎక్కడికి పోయాయని అడగకండి. ఆటలో ఒక చెక్కపెట్టెకు 27 అరలు, అరకు 64 దిమ్మెలు చొప్పున 1,728 దిమ్మెలు పడతాయి. అనగా ఒక పెట్టెలో 4,600 టన్నులకు పైగా రాయి! మూడు పెట్టెలుంటే క్వారీ మొత్తం ఇంటి మూలన సర్దుకుంటుంది.

ఇండస్ట్రియల్‌క్రాఫ్ట్ అనే మాడ్‌లోని మైనర్ కొంత తెలివైనది. అది విద్యుత్తుతో నడుస్తూ ఒక సన్నని గొట్టాన్ని నిలువుగా దించుతుంది. దానికి స్కానర్ అమర్చితే చుట్టుపక్కల ఖనిజమున్న దిమ్మెలను మాత్రమే వెతికి తీస్తుంది. మెకనిజమ్ అనే మాడ్‌లోని డిజిటల్ మైనర్ ఇంకొక మెట్టు పైన ఉంది. ఏమి కావాలో జాబితా ఇస్తే, 32 మీటర్ల దూరం వరకు పొరలను కదపకుండానే ఆ దిమ్మెలను మాయం చేసి తన పెట్టెలో వేసుకుంటుంది. నాలుగవది ఇమ్మర్సివ్ ఇంజనీరింగ్ అనే మాడ్‌లోని ఎక్స్‌కవేటర్. ఇది బకెట్లు తగిలించిన పెద్ద చక్రం. ముందుగా నమూనా తీసే డ్రిల్లుతో ఆ తావులో ఏ నిక్షేపమున్నదో పరీక్షించుకుని, ఆపైన చక్రాన్ని నిలపాలి. నిక్షేపం తరిగిపోయేదాకా అది తిరుగుతూనే ఉంటుంది.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. వాడు, వాడి మిత్రులు వేసుకున్న పట్టికలో నాలుగు నిలువు వరుసలున్నాయి: వేగం, శక్తి ఖర్చు, యంత్రం కట్టడానికయ్యే సామగ్రి, ఏరివేత. ఆ లెక్కలో డిజిటల్ మైనర్‌దే మొదటి స్థానం. ఆట హద్దులలో ఆ తీర్పును నేను కాదనలేను. వ్యర్థమన్నది లేకుండా ఖనిజాన్ని మాత్రమే తీసే యంత్రాన్ని ఏ ఖనిజ శాస్త్రజ్ఞుడు మెచ్చుకోడు? అయితే ఆ పట్టికలో లేని నిలువు వరుసలు నా కళ్ళకు ఎక్కువగా కనిపించాయి. తవ్విన తరువాత ఆ ఖాళీ ఏమవుతుంది? దాని మీద నిలిచిన కప్పు ఏమవుతుంది?

మైన్‌క్రాఫ్ట్‌లో ఏమీ కాదు. ఇసుక, గులకరాళ్ళు తప్ప ఆ లోకంలో దాదాపు ఏ నేలకూ గురుత్వాకర్షణ వర్తించదు. కొండ పాదాన్ని పూర్తిగా తొలిచేసినా శిఖరం గాలిలో నిలిచి ఉంటుంది. అందుకే అక్కడి క్వారీ గోడలు అరవై మీటర్ల లోతుకూ బావి గోడల్లా నిటారుగా ఉంటాయి. నిజమైన క్వారీ చూడాలంటే మనకు దూరం పోనక్కరలేదు. రాస్ అల్ ఖైమా నగరం దాటి ఉత్తరంగా ఖోర్ ఖువైర్ వైపు వెళితే, స్టెవిన్ రాక్ వంటి సంస్థలు తవ్వుతున్న సున్నపురాతి కొండలు దారి పొడవునా కనబడతాయి. ఏ కొండనూ నిటారుగా కోయలేదని గమనించండి. మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోతారు. పైనుంచి దొర్లిన బండ కింది మెట్టు మీద ఆగాలి, కింద యంత్రం నడిపే మనిషి నెత్తిన పడకూడదు. ఆ మెట్ల కోసం వదిలిన రాయి అంతా ఆటగాడి లెక్కలో నష్టమే. ఈ ఎమిరేట్సు సున్నపురాయి ఓడలెక్కి మన భారతదేశపు ఉక్కు కర్మాగారాలకు కూడా పోతుంది. ఉక్కు తయారీలో సిలికా తక్కువగా ఉన్న సున్నపురాయి అవసరం. సిలికా ఎక్కువైతే సున్నంలో కొంత భాగాన్ని అదే తినేస్తుంది. ఇక్కడి కొండ మెట్లకు, అక్కడి ఇనుప కొలిమికి అటువంటి సంబంధముంది.

అయితే కప్పు సంగతి కొండల దగ్గర కాదు, భూగర్భంలో తెలుస్తుంది. అందుకు నాకు తెలిసిన చోటు సింగరేణి.

1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఎల్లందు పరిసరాలలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. చాలా దశాబ్దాల పాటు అక్కడి పద్ధతి ఒక్కటే. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తొలిచి, మధ్యలో చతురస్రాకారపు బొగ్గు స్తంభాలను కప్పుకు ఆసరాగా వదిలేవారు. దానినే బోర్డ్ అండ్ పిల్లర్ అంటారు. డ్రిల్లు వేసి, మందు పేల్చి, రాలిన బొగ్గును కోల్ ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో టబ్బులకెత్తేవారు. మా నాన్న టింబర్‌మన్. ఆయన పని బొగ్గు తీయడం కాదు. బొగ్గు తీసినచోట కప్పుకు కర్ర ప్రాప్‌లు, దూలాలు నిలపడం. ఏ షిఫ్టులోనైనా ముందు కప్పును గడ్డపారతో తట్టి చూసేవారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. బోలుగా డప్పు చప్పుడు చేస్తే పొర విడిపోయినట్టు. మా అబ్బాయి తన పట్టికను ఒకసారి ఫోనులో వాళ్ళ తాతకు చదివి వినిపించాడు. ఆయన అంతా విని, "కప్పు ఎవరు చూస్తరు బిడ్డా?" అని ఒక్కటే ప్రశ్న వేశారు. వాడికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

సింగరేణిలోకి యంత్రాలు వచ్చిన క్రమాన్ని ఆ ఒక్క ప్రశ్నతో చదువుకోవచ్చు. మొదట చిన్న యంత్రాలు: ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ అని కార్మికులందరికీ తెలిసిన లోడర్లు. ఇవి చెమ్మస్ భారాన్ని తీసేశాయి గాని, పేల్చిన కప్పు కింద మనిషి నిలబడవలసిన అవసరాన్ని పూర్తిగా తీయలేదు. 1983లో గోదావరిఖని ప్రాంతంలో లాంగ్‌వాల్ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇందులో స్తంభాలు వదలరు. పొడవాటి బొగ్గు గోడ వెంట కోతయంత్రం ఇటునుంచి అటు తిరుగుతూ చెక్కుతుంటే, వరుసగా నిలిచిన హైడ్రాలిక్ ఆసరాలు కప్పును మోస్తూ, కోత పూర్తయిన కొద్దీ ఒక్కొక్క అడుగు ముందుకు జరుగుతాయి. వాటి వెనుక కప్పును ఉద్దేశపూర్వకంగానే కూలనిస్తారు. కూలిన ఆ ప్రాంతాన్ని గోఫ్ అంటారు. ఈ పద్ధతిలో భయం కప్పు కూలడం గురించి కాదు, కూలకపోవడం గురించి! గట్టి ఇసుకరాతి పొర కూలకుండా చాలా దూరం వేలాడి, ఒక్కసారిగా పడితే, కింద ఉన్న గాలి తుఫానులా దారులలోకి దూసుకువస్తుంది. మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లవాడికి ఈ మాట వింతగా తోస్తుంది: మంచి గనిలో కప్పు వేళకు కూలాలి.

1989లో ఫ్రెంచివారి సహకారంతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి వచ్చింది. బాగా మందమైన పొరలకు ఇది అనువైనది. గ్యాలరీ నుంచి పైకి, పక్కలకు రంధ్రాలు వేసి పేల్చితే నెత్తి మీది బొగ్గు రాలి పడుతుంది. దానిని ఎత్తడానికి ఆసరా లేని గోఫ్ అంచులోకి మనిషిని పంపలేరు కాబట్టి, ఎల్‌హెచ్‌డీ యంత్రాన్ని వెనుక నిలబడి రిమోట్ కంట్రోలుతో నడిపారు. మన పిల్లలు 'ఆటోమేషన్' అని పిలిచే దానికి సింగరేణిలో మొదటి అర్థం ఇదేనని నా అభిప్రాయం. వేగం కోసం కాదు, అక్కడ మనిషి ఉండకూడదు కాబట్టి. 2006లో కొత్తగూడెం ప్రాంతపు వీకే-7 గనికి కంటిన్యుయస్ మైనర్ వచ్చింది. ఇది పేలుడు మందు లేకుండానే పళ్ళున్న డ్రమ్ముతో బొగ్గును కోస్తుంది. కప్పును బోల్టులతో బిగించుకుంటూ పోతారు. 2014లో అడ్రియాలలో 250 మీటర్ల గోడతో, ఏటా 28 లక్షల టన్నుల లక్ష్యంతో భారీ లాంగ్‌వాల్ ప్రారంభమయింది. అక్కడి ఆసరా ఒక్కొక్కటి వెయ్యి టన్నులకు మించిన బరువును మోయగలదు.

అంతటి యంత్రమున్న గనిలోనే 2022 మార్చిలో కప్పు కూలి ముగ్గురు మరణించారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. యంత్రం కోత గోడ దగ్గర మనిషిని కాపాడుతుంది. కాని గని అంటే ఆ గోడ ఒక్కటే కాదు. గాలి దారులు, రవాణా దారులు, పక్కన ఎప్పుడో తవ్వి విడిచిన ఖాళీలు అన్నీ కలిపి గని.

ఇక రసాయన శాస్త్రం. మైన్‌క్రాఫ్ట్ బొగ్గులో బూడిద లేదు, మీథేన్ లేదు. పెట్టెలో వెయ్యేళ్ళున్నా అది వేడెక్కదు. నిజమైన బొగ్గు తాజాగా పగిలిన క్షణం నుంచే గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా చర్య జరుపుతుంది. ఆ చర్య ఉష్ణాన్ని విడుదల చేస్తుంది. గాలి ధారాళంగా వీస్తే ఆ వేడి కొట్టుకుపోతుంది. గాలి బొత్తిగా అందకపోతే చర్యే ఆగుతుంది. అపాయమంతా ఈ రెంటి నడుమ ఉన్నది. గోఫ్‌లో వదిలేసిన బొగ్గుకు సన్నగా గాలి సోకుతూ, వేడి మాత్రం బయటికి పోకుండా ఉంటే, ఉష్ణోగ్రత పెరుగుతుంది. పెరిగిన ఉష్ణోగ్రత చర్యను మరింత వేగవంతం చేస్తుంది. నిప్పు పెట్టేవాడు లేకుండానే గని అంటుకుంటుంది. బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతికి ఉన్న పెద్ద బలహీనత ఇదే. రాలిన బొగ్గంతా ఎత్తడం సాధ్యం కాక, కొంత గోఫ్‌లో మిగిలిపోతుంది. దీనిని కనిపెట్టడానికి గనులలో గ్రాహం నిష్పత్తి వాడతారు. గోఫ్ నుంచి వచ్చే గాలిలో కొత్తగా పుట్టిన కార్బన్ మోనాక్సైడును, తరిగిపోయిన ఆక్సిజన్‌తో భాగించి నూరుతో హెచ్చిస్తారు. విలువ 0.5 దగ్గరకు వస్తే అనుమానించాలి. 1 దాటితే లోపల వేడి పుట్టిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. ప్రయోగశాలలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇంత చిన్న భాగహారం మీద ఇంతమంది ప్రాణాలు ఆధారపడిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

ఇప్పుడు డిజిటల్ మైనర్‌లోని ఒక చిన్న సదుపాయాన్ని చెప్పాలి. పిల్లలు దానిని సాధారణంగా ముట్టుకోరు. తీసిన ప్రతి దిమ్మె స్థానంలో మరొక దిమ్మెను, రాయినో మట్టినో, నింపమని ఆ యంత్రానికి చెప్పవచ్చు. ముట్టుకోకపోవడానికి కారణం సులభం. నింపే దిమ్మెలను మనమే సరఫరా చేయాలి; వాటికి లాభం లేదు. సరిగ్గా ఇదే సదుపాయం సింగరేణిలో ఉండేది. గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా భూగర్భంలోని ఖాళీలలోకి పంపి, నీటిని తోడివేసేవారు. దానిని స్టోయింగ్ అంటారు. ఇసుక నిండిన చోట కప్పు కుంగదు, గాలి చొరదు, పైన ఉన్న ఊరు పగుళ్ళివ్వదు. ఖర్చు మాత్రం లెక్క వేయండి. టన్ను బొగ్గు పొరలో సుమారు 0.7 ఘనపు మీటరు చోటు ఆక్రమిస్తుంది. దానిని నింపడానికి టన్నుకు పైగానే ఇసుక కావాలి. బయటికి తీసినంత బరువును మళ్ళీ లోపలికి పంపాలన్నమాట. నది నుంచి అంత ఇసుక ఎల్లకాలం తేవడం ఎవరి తరమూ కాదు. అందుకే కప్పును కూలనిచ్చే పద్ధతులు, ఓపెన్‌కాస్టులు పెరిగాయి.

ఓపెన్‌కాస్టు అంటే బిల్డ్‌క్రాఫ్ట్ క్వారీయే, పెట్టెలు లేని క్వారీ. ఇటీవలి సంవత్సరాలలో సింగరేణిలో టన్ను బొగ్గుకు ఐదారు ఘనపు మీటర్ల మట్టిని, రాతిని తొలగించవలసి వస్తున్నది. పగిలిన రాయి పొరలో ఉన్నప్పటికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది ఏ పెట్టెలోనూ పట్టదు. గోదావరిఖని, మణుగూరు వెళ్ళినవారు చూసే కొత్త గుట్టలన్నీ అవే. ఇమ్మర్సివ్ ఇంజనీరింగ్ చక్రం లాంటి నిజమైన బకెట్ చక్రాలు తమిళనాడులోని నైవేలీలో ఉన్నాయి. అక్కడిది లిగ్నైట్, పైపొరలు చాలావరకు మెత్తన. సింగరేణి ఇసుకరాయికి ఆ చక్రం సరిపడదు. పేల్చి, షావెల్‌తో ఎత్తి, డంపర్లతో మోయవలసిందే. ఏ యంత్రం మేలన్న ప్రశ్నకు ముందు ఏ రాయి అన్న ప్రశ్న ఉంటుంది. ఆటలో దానికి తావు లేదు.

ఇంకొక నిలువు వరుస మనుషులది. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు మించి ఉద్యోగులుండేవారు. ఉత్పత్తి ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నులు. 2023-24లో ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులు. ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కల. ఈ అంకెలను చూసి కేవలం సంతోషించడం గాని, కేవలం విచారించడం గాని నాకు సాధ్యం కాదు. తట్ట మోసిన భుజాలు ఎలా ఉంటాయో మా వాడకట్టులో చూశాను. ఆ పని పోవాలనే అనుకున్నాను. అయితే ఆ పని చేసిన ఇళ్ళ పిల్లలకు బదులుగా దొరికిందేమిటన్న ప్రశ్నకు యంత్రం సమాధానం చెప్పదు. మనలో కొందరం ఈ ఎడారికి రావడం కూడా ఆ సమాధానంలో ఒక భాగమే.

ఆటను పూర్తిగా తప్పు పట్టడం న్యాయం కాదు. టెర్రాఫర్మాక్రాఫ్ట్ అనే మరొక మాడ్ ఉన్నది. అందులో ఆసరా లేని రాతిని తవ్వుతుంటే కప్పు కూలవచ్చు. కూలినది ఆటగాడి నెత్తిన పడుతుంది. చెక్క దూలాలు అమర్చితే వాటి పరిధిలోని రాయి నిలబడుతుంది. మొన్నటి సెలవులలో మా అబ్బాయి, వాడి మిత్రులు దానిని మొదలుపెట్టారు. మొదటి రోజు వెడల్పయిన హాలు తవ్వి నలుగురూ దాని కిందే పోయారు. నేను ఏ సలహా ఇవ్వలేదు. వారం తరువాత చూస్తే, ఇరుకైన దారులు, ఒకదానికొకటి అడ్డంగా. వాటి నడుమ తవ్వకుండా వదిలిన చతురస్రపు రాతి స్తంభాలు. దారి పొడవునా క్రమమైన ఎడంతో దూలాలు. పట్టికలో వేగం వరుస పక్కన 'కప్పు' అని కొత్త వరుస గీసి, దూలాల లెక్క రాసుకున్నారు. ఆ చిత్రాన్ని వాళ్ళ తాతకు పంపితే, ఆయన దానిని పెద్దది చేసుకుని చూసి, మూడవ దారి మలుపులో ఇంకొక దూలం కావాలని చెప్పారు.